పురుడు పోసుకున్న పూలకుండీ

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమంటే మన మండలంలో సగం ఉండదు, కానీ రాజుగారున్నారు కాబట్టి రాజ్యమనే అనాలి. ఊ కొడుతున్నారా? కొట్టండి. మీ తాతయ్యలా ఊ కొడుతూ గురక పెట్టడం కాదు.

ఆ రాజుగారికి ఓడల వర్తకుడొకడు చిన్న మట్టికుండీలో ఒక మొక్క తెచ్చిచ్చాడు. జానెడు కూడా లేదు. పిల్లి చెవుల్లా నూగు ఆకులు, మధ్యలో గుత్తిగా ఊదారంగు పువ్వులు. ఇప్పుడు ఆఫ్రికన్ వయొలెట్ అని కిటికీల్లో పెట్టుకుంటున్నారే, అదే. రాజుగారికి తెగ నచ్చి, నీళ్ళు స్వయంగా పోస్తానన్నారు. ఆయన స్వయంగా చేసే పని అదొక్కటే.

మనవాళ్ళకి కుండీలో మొక్కంటే తులసే కదా. పొద్దున్నే స్నానం చేసి రాజుగారు చెంబెడు చన్నీళ్ళు దాని నెత్తిన పోశారు. రాజుగారు పోశారని రాణిగారు పోశారు. రాణిగారు పోశారని మంత్రి పోశాడు. మంత్రి పోశాడని పురోహితుడు పోశాడు. పురోహితుడు పోశాడని వంటాయన బియ్యం కడుగు పోశాడు. అందరూ పోసి, ప్రదక్షిణం చేసి, ఆకులకి పసుపు రాసి, నడివాకిట ఎండలో పెట్టారు. వారానికి పువ్వులు రాలాయి. నెలకి ఆకుల మీద మచ్చలు లేచాయి. మూడు నెలలకీ మొగ్గన్నది లేదు.

తప్పెవరిది? పోసినవాళ్ళందరూ పెద్దవాళ్ళు. అందుకని తప్పు తోటమాలి పైడయ్యదయింది. దసరా నాడు రాజుగారు పిలిచి, శివరాత్రికి పువ్వు కనబడకపోతే తోటలో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. పైడయ్య పుట్టింది ఆ ఇంట్లో, వాళ్ళ నాన్న పోయింది ఆ ఇంట్లో. వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కోడలు నూకాలు అన్నం పెడితే ముట్టలేదు.

"రేపు నేనొచ్చి చూస్తాను మావయ్యా," అంది నూకాలు.

"చూసి ఏం చేస్తావే? నలభై ఏళ్ళు తోటపని చేసినవాణ్ణి, నాకే తెలీలేదు."

"తెలిసినా మీరు చెప్పలేరుగా. చెంబు రాజుగారిది."

మర్నాడు వెళ్ళి కుండీలో వేలు గుచ్చింది. బురద. మొక్క నడినెత్తి మాత్రం ఇంకా కుళ్ళలేదు. మచ్చలేని ఆకులు రెండు కాడలతో సహా గిల్లి, కొంగున కట్టుకొచ్చి, చిప్పెడు తడి ఇసకలో గుచ్చి నీడన పెట్టింది. ఇవి బతికితే మొక్కకి రోగం లేనట్టు, రోగం చెంబులదేనన్నట్టు. కార్తీకం వెళ్ళేసరికి ఒక్కో కాడ మొదట్లో ఎలక చెవంత పిల్లలు లేచాయి. అక్కడ తల్లిమొక్క నడినెత్తి ఎలాగో ఇంకా నిలిచే ఉంది.

ఊ ఏదీ? ఆఁ, అలాగ.

నూకాలు ఆ ఇసక చిప్ప పట్టుకుని తిన్నగా సభకి వెళ్ళింది. మీ మొక్క పురుడు పోసుకుంది, ఇవిగో పిల్లలు, అని చెప్పింది. మొక్కలకి పురుడుంటుందా అని రాజుగారు పురోహితుణ్ణి అడిగారు. తెలియదన్న మాట ఆ పురోహితుడు పుట్టాక అనలేదు. పైగా పదకొండో రోజు భోజనం ఒకటి ఉంది. ఉంటుందన్నాడు.

పురుడంటే మరి మగవాళ్ళు గడప తొక్కకూడదు. బాలింతకి చన్నీళ్ళు తగలకూడదు, నెత్తి తడవకూడదు, ఎండా ఈదురుగాలీ కూడదు, తిండి కొలిచి పెట్టాలి. నూకాలు ఒక్కొక్కటే చెబుతుంటే, నలుగుర్ని కన్న రాణిగారు తల ఊపి, మూడు నెలలు బాలింతేనని తీర్పు చెప్పి, కోటలో ఒక గది ఇప్పించారు. రాజుగారు రోజూ చెంబుతో గుమ్మం దాకా వచ్చేవారు. పురిటిగది అనగానే ఆగిపోయి, ఆ నీళ్ళు ఏం చెయ్యాలో తోచక తనే తాగేవారట.

లోపల నూకాలు కుండీని తూర్పు కిటికీ దగ్గర పెట్టి, వెలుగొచ్చి ఎండ పడకుండా పల్చటి గుడ్డ కట్టింది. పైమట్టి ఆరితేనే కింద పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు. అరగంటకి మిగిలినవి పారబోసేది. రోజూ కుండీని కాస్త తిప్పేది. పక్షానికోసారి తెలకపిండి తేట, అదీ పల్చగా. పెద్ద కుండీలోకి మార్చమని పైడయ్య గుమ్మం అవతల నుంచి కబురు చేశాడు. ఇరుకైతేనే పూస్తుంది, మీరు ఇంటికెళ్ళండని నూకాలు తిరుగు కబురు చేసింది.

పుష్యంలో పైడయ్య అడిగాడు, మొగ్గేదీ అని. లేదంది. మాఘం వచ్చాక అడిగాడు. లేదంది. ఆయన గునపాలూ బానలూ మూట కట్టడం మొదలెట్టాడు. శివరాత్రి పదిహేను రోజులుందనగా నూకాలు ఒక ఆకు ఎత్తి చూస్తే, కింద మెడ వంచుకుని ఆవగింజంత మొగ్గలు నాలుగు. తొందరగా విచ్చుకోవాలంటే చెంబెడు నీళ్ళు పొయ్యవే అన్నాడు పైడయ్య. నూకాలు మామగారి చెంబు అటక మీద దాచేసింది.

శివరాత్రి ముందురోజు రెండు విచ్చుకున్నాయి.

రాణిగారే కుండీని పురిటిగది లోంచి సభకి తెచ్చారు. రాజుగారు అటూ ఇటూ తిరిగి చూసి, ఏం మందు వేశావని అడిగారు.

"ఏమీ వెయ్యలేదు ప్రభూ. మీరెవరూ ఏమీ పొయ్యకుండా చూశానంతే."

రాణిగారు ముందు నవ్వారు. ఆవిడ నవ్వాక రాజుగారికి కోపం తెచ్చుకోవడం కుదరలేదు. ఇల్లు మీరే ఉంచుకోండన్నారు. మాట మీద ఉన్న ఇల్లు మాట మీదే పోబోయింది, రాసివ్వండంది నూకాలు. రాసిచ్చారు. పైడయ్య ఆ రాత్రి మూటలు విప్పి, మూడు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

అందుకే, ఎంత ముద్దొచ్చినదాన్నయినా అస్తమానం ముట్టుకుంటూ ఉండకూడదు. ఏం కావాలో చూసి అది చేసి, తక్కినప్పుడు ఊరుకోవాలి. మీ బాబాయికి ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. సరే, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.