మీసాల మీద గీత

ఏడాదికోసారి ఏరు పొంగి ఊళ్లలోకి వచ్చిపోయే ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. కిరీటం పెద్దది, బుర్ర చిన్నది. మధ్యలో మిగిలిన ఖాళీని నింపడానికి వాస్తు పండితుడు మార్తాండశాస్త్రి ఉండనే ఉన్నాడు.

ఒక వేసవిలో శాస్త్రి ఏటి ఒడ్డున చదునైన నేల చూసి, "ప్రభువుల కోసమే దేవుడు దీన్ని ఖాళీగా ఉంచాడు" అన్నాడు. అంత మంచి చోట ఇన్ని తరాలుగా ఒక్క గుడిసైనా ఎందుకు లేదని ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. రెండు నెలల్లో అక్కడ విహారభవనం లేచింది. కొలువుకూటం గోడ మీద రాజుగారి నిలువెత్తు బొమ్మ, మెలితిప్పిన మీసాలతో సహా వెలిసింది.

భవనం వెనకే తాళ్లలంక అనే ఊరుంది. అక్కడివాళ్లు తరతరాలుగా మట్టి మోసి, ఆరేడు అడుగుల దిబ్బలు పోసి, వాటి మీద ఇళ్లు కట్టుకునేవారు. ప్రతి చూరుకీ ఒక తాటిదోనె కట్టి ఉండేది. ఏరు పొంగితే గింజలు అటకెక్కేవి, పశువులు దిబ్బెక్కేవి, దోనెలు నీళ్లలోకి దిగేవి. ఏరు తీశాక బురద కడుక్కుని మళ్లీ మామూలుగా బతికేవారు.

గృహప్రవేశం నాడు రాజు కిటికీలోంచి బయటికి చూశాడు. దిబ్బ మీద పోలమ్మ అనే ముసలామె గేదె నెమరువేస్తూ పైనుంచి రాజుగారి వైపు చూసింది.

"నాకంటే ఎత్తులో గేదెలా!" అని మండిపడ్డాడు రాజు.

"ప్రజలు రాజు కంటే ఎత్తున ఉండటం శాస్త్రవిరుద్ధం ప్రభూ!" అన్నాడు శాస్త్రి. ఏ శాస్త్రమో చెప్పలేదు. ఆయనకీ తెలియదు.

పదిరోజుల్లో దిబ్బలన్నీ తవ్వి చదును చెయ్యాలని చాటింపు వేశారు. తొలకరికి అప్పటికి ఇంకా నెల కూడా లేదు.

పోలమ్మ ఆస్థాన విదూషకుడు తిప్పన దగ్గరికి పరుగెత్తింది. "దిబ్బ పోతే మేమూ పోతాం బాబూ. పోయినేడు ఏరు నా గుమ్మం దాకా వచ్చి తిరిగెళ్లింది. మీ రాజుగారికి కళ్లు లేవా?"

"ఉన్నాయి మామ్మా. అద్దం చూసుకోవడానికి మాత్రమే వాడతారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో నీకు కచ్చితంగా గుర్తుందా?"

"గుర్తుంచుకోవడమేంటి? ఊరి ముందు తాటిచెట్టు మీద ఏటేటా గాటు పెడతాం గదా!"

తిప్పన చెట్టు చూసొచ్చాడు.

మర్నాడు రాజు కొలువుకి వచ్చేసరికి నాలుగు గోడల చుట్టూ జాజుతో ఎర్రటి గీత గీసి ఉంది. అది బొమ్మలోని రాజుగారి మీసాల మీదుగా పోయింది.

"ఎవడు నా ముఖానికి గీత గీసింది?"

"గీసింది నేనే ప్రభూ. కొలతిచ్చింది ఏరు" అన్నాడు తిప్పన. "లంకవాళ్ల తాటిచెట్టు మీద పోయినేటి వరద గాటుంది. తాటిదోనెలో నీళ్లు పోసి, ఆ మట్టం చూసుకుంటూ గాటు దగ్గర్నుంచి ఇక్కడిదాకా తాడు లాగాం. అది తిన్నగా తమ మీసాల మీదికొచ్చింది. నేనేం చెయ్యను?"

"శాస్త్రీ!" అని గర్జించాడు రాజు. శాస్త్రి గ్రహాల గురించి ఏదో గొణిగాడు.

"తమ ఆజ్ఞ అమలు కావలసిందే ప్రభూ" అన్నాడు తిప్పన వినయంగా. "కాని ఏరు ఏకంగా తమ ముక్కు దాకా ఎక్కింది. ముందు దాన్ని పిలిపించి దిగమనండి. అది దిగిన మర్నాడే లంకవాళ్లూ దిగుతారు."

రాజు బొమ్మని చూశాడు. తన ముక్కు తడుముకున్నాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వి, చాటింపు రద్దు చేసి, చేతి కంకణం తీసి తిప్పనకిచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"దిబ్బలు ఇంకో రెండడుగులు పెరగాలి ప్రభూ. మట్టి మొయ్యడానికి మనిషి కావాలి."

రాజు శాస్త్రివైపు చూశాడు. అంతే, తొలకరి పడేదాకా పండితుడి నెత్తిన తట్ట దిగలేదు.

శ్రావణంలో ఏరు వచ్చింది. విహారభవనంలో నీళ్లు గీత దాటి బొమ్మలోని రాజు కిరీటం తడిపాయి. అసలు రాజుని తాటిదోనెలో తెచ్చి తాళ్లలంక దిబ్బ మీద కూర్చోబెట్టారు. ఆయన సర్దుకుని కాళ్లు చాపుకోబోతుంటే పోలమ్మ గడ్డిమోపుతో వచ్చింది.

"కాస్త జరగండి బాబూ. అది గేదె చోటు."

రాజు కాళ్లు ముడుచుకుని జరిగాడు.