గుంటలో కూర్చున్న దవడ

కొండపాలెం సన్యాసమ్మకి తమ ఇంటి తెలివి మీద మహా నమ్మకం. "లోకం వినేదొకటి, చేసేదొకటి. మేం అలా కాదు, చెప్పింది చెప్పినట్టే చేస్తాం" అనేది. మొగుడు గవరయ్య, తమ్ముడు పోలయ్య గర్వంగా తలలూపేవాళ్లు.

ఓ పొద్దున గవరయ్య ఇంత నోరు తెరిచి ఆవలించాడు. అంతే! తెరిచిన నోరు మూతపడలేదు.

"ముయ్యవయ్యా, ఈగలు దూరతాయి!" అంది సన్యాసమ్మ.

"ఆ... ఆ..." అన్నాడు గవరయ్య.

ఆకలేమోనని పోలయ్య చెంబెడు అంబలి నోట్లో కుమ్మరించాడు. గవరయ్య ఉక్కిరిబిక్కిరై కళ్లు తేలేశాడు. ఇంకేముంది, ఏడుస్తూ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు.

డాక్టరు బొటనవేళ్లు నోట్లో పెట్టి కింది దవడని కిందికీ వెనక్కీ నొక్కాడు. టక్కుమంది. నోరు మూతపడింది.

"చూడమ్మా, దవడ కీలు చెవి ముందున్న గుంటలో కూర్చోవాలి. నోరు మరీ తెరిస్తే గుంట దాటి ముందుకు జారిపోతుంది. కొన్నాళ్లు మెత్తటివే పెట్టు. ఆవలింతొస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకోమను. మళ్లీ జారిందంటే కష్టం."

సన్యాసమ్మ ఒక్క మాట పొల్లుపోనివ్వలేదు. ఇంటికి రాగానే అడిగింది.

"మనింట్లో అన్నిటికన్నా మెత్తటిదేదిరా?"

"దిండు కదే అక్కా!"

ఇంకేముంది, దిండు చింపి, దూదిలో ఉప్పూ కారం కలిపి ముద్దలు పెట్టింది. గవరయ్య బుద్ధిగా నమిలి, "కాస్త పులుపు తగ్గిందే" అన్నాడు.

అంతలో ఆవలింత రాబోయింది.

"గడ్డం కింద చెయ్యి పెట్టు!"

"నాకు గడ్డమేదే? నున్నగా గొరిగించుకున్నానుగా!"

వీధిలో ఒక సాధువు పోతున్నాడు, బారెడు గడ్డంతో. గవరయ్య ఒక్క దూకు దూకి ఆ గడ్డం కింద చెయ్యి పెట్టి హాయిగా ఆవలించాడు. సాధువు కమండలంతో నెత్తిన ఒక్కటిచ్చాడు.

బొప్పి చూసి సన్యాసమ్మ హడలిపోయింది. "అసలు సంగతే మరిచాం! దవడ గుంటలో కూర్చోవాలన్నాడు కదరా!"

అంతే, పోలయ్య పెరట్లో గుంట తవ్వేశాడు.

"దవడొక్కటీ ఎలా కూర్చుంటుందే అక్కా?"

"ఆయన కూర్చుంటే అదీ కూర్చుంటుంది. దించు!"

ముందుకు జారిపోకుండా గడ్డం దాకా మట్టి కూరి, చుట్టూ గట్టిగా తొక్కారు.

"వీపు దురదేస్తోందే" అన్నాడు గవరయ్య.

"ఓర్చుకో. డాక్టరు వీపు మాటేం చెప్పలేదు."

ఇంతలో పక్కింటి చెల్లాయమ్మ పిన్ని మజ్జిగ కోసం వచ్చింది. నేల మీద గవరయ్య తల ఒక్కటే కనబడేసరికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

సన్యాసమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, పిన్నికీ దవడ జారిపోయిందిరా! చూస్తావేం, గునపం అందుకో! పిన్ని లావుపాటి మనిషి, కాస్త వెడల్పుగా తవ్వు!"