మల్లెపువ్వు బరువుకు క్లచ్చు

కొండవెలగ మహారాజు చిత్రభానుడికి ఏనుగులంటే భయం. గుర్రాలకేమో ఆయనంటే భయం. అందుకని ఆయన పెట్రోలు గోల్ఫ్ బండిలోనే ఊరేగేవాడు. ఒకనాడు సభలో ఆయన కూర్చోగానే సింహాసనం కిర్రుమంది. ఎవరో కిసుక్కున నవ్వారు. మహారాజుకు ఒళ్లు మండిపోయింది.

"ఈ క్షణం నుంచి నా బరువు మాట ఎత్తినవాడి కొలువు ఊడినట్టే! ఇంకోమాట. రేపు కొండమీది కోటలో విందు. నేను బండిలోనే పైదాకా వెళ్లాలి. మధ్యలో ఆగిందా, ఓబన్నా, నీ కొలువు కూడా గోవిందా!"

ఓబన్న బండ్ల అధికారి. చేతికి గ్రీజు, నోటికి వెటకారం ఎప్పుడూ అంటుకునే ఉండే మనిషి. అంతటివాడూ ఆ మాటతో చిక్కులో పడ్డాడు. ఎందుకంటే బండిలో డ్రైవ్ క్లచ్చని ఒకటుంటుంది. ఇంజను బలాన్ని బెల్టుకు అందించేది అదే. దానిలో మెత్తని స్ప్రింగు వేస్తే బండి చదునులో ఝుమ్మంటుంది గానీ బరువుతో ఎత్తెక్కమంటే చతికిలబడుతుంది. గట్టి స్ప్రింగు వేస్తే మూలుగుతూనైనా లాక్కుపోతుంది.

"ప్రభూ, కొండదారి కదా, గట్టి స్ప్రింగున్న క్లచ్చు మారుస్తాను" అన్నాడు ఓబన్న.

ఆస్థాన స్తోత్రకారుడు పుండరీకం చటుక్కున లేచాడు. ఓబన్న కొలువులో తన బావమరిదిని కూర్చోబెట్టాలని ఆయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక.

"గట్టిదా? అంటే ఏలినవారు బరువనా నీ ఉద్దేశం?"

"అయ్యయ్యో! మరి ఎంత బరువుకు సరిచేయమంటారు, పుండరీకం గారూ?"

"ప్రభువులు మల్లెపువ్వు! ఆ లెక్కన మెత్తనిదే వెయ్యి!"

మహారాజు మురిసిపోయాడు. "పుండరీకం చెప్పినట్టే చెయ్యి" అన్నాడు.

ఓబన్న తలవంచి మెత్తనిదే బిగించాడు. అయినా ఇంటికెళ్లేలోపే ఆ మల్లెపువ్వు మాట తలుచుకుని, దారిలో ఒక్కడే పగలబడి నవ్వాడు.

మర్నాడు కొండ సగం ఎక్కేసరికి బండి గుర్రు గుర్రుమంది, బెల్టు కాలిన కంపు కొట్టింది, ఇక కదలనని మొరాయించింది. బండి నడుపుతున్న ఓబన్న దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. వెనక నడిచి వస్తున్న సభవాళ్లు గుమిగూడారు. మహారాజు మొహం కందగడ్డైంది.

"చూశారా ప్రభూ! ఇదే మా బావమరిదైతేనా..." అంటూ మొదలెట్టాడు పుండరీకం.

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"నిజమే ప్రభూ. ఈ పాడు బండి ఒక్క మల్లెపువ్వును మోయలేకపోయింది. పైన విందు చల్లారిపోతోంది. పువ్వే కదా, పుండరీకం గారు వీపున ఎక్కించుకుంటే ఇట్టే చేరిపోతారు!"

మహారాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "భేష్! వంగు పుండరీకం!"

పుండరీకానికి తప్పించుకునే దారి లేదు. కాదంటే బరువని ఒప్పుకున్నట్టే. దేవుళ్లందరికీ దండం పెట్టుకుని వంగాడు. మహారాజు ఎగిరి ఎక్కాడు.

ఒక అడుగు పడింది. కాళ్లు వంకర్లు పోయాయి. ఇంకో అడుగు వేయబోతే తలపాగా జారి కళ్లకు అడ్డం పడింది. ఆ తర్వాత ఆస్థాన స్తోత్రకారుడు నాలుగు కాళ్ల మీదకు వచ్చేశాడు.

"అమ్మో! నా నడుం! ప్రభూ, దిగండి! మీరు కొండ మీద ఎక్కిన ఇంకో కొండ! చచ్చాను, ఏం బరువు బాబోయ్!"

మహారాజు ఆ వీపు మీదే కూర్చుని గుడ్లురిమాడు. ఓబన్న మాత్రం ఒక్క పరుగున వెళ్లి, సీటు కింద ముందే దాచిపెట్టిన గట్టి స్ప్రింగున్న క్లచ్చును బయటికి తీశాడు.

"బరువు తేలింది ప్రభూ! నేను అనలేదు, పుండరీకం గారే అన్నారు!"

మహారాజు మీసం ముందు కదిలింది. తర్వాత బొజ్జ కదిలింది. ఆపైన ఆయన పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వినప్పుడల్లా కింద పుండరీకం కుయ్యోమనేవాడు, అది విని సభంతా నేలమీద పడి దొర్లింది.

"పుండరీకం, నీ కొలువు ఖాళీ అయింది. కావాలంటే మీ బావమరిదిని పంపించు!" అన్నాడు మహారాజు కళ్లు తుడుచుకుంటూ.

ఓబన్న బెల్టు తప్పించి, బోల్టు విప్పి, పాత క్లచ్చు ఊడబెరికి కొత్తది బిగించాడు. మహారాజు ఎక్కాడు. బండి ఒక్కసారి గట్టిగా గర్జించి, బెల్టును ఒడిసిపట్టి, కొండ మీదికి ఎగబాకింది. మహారాజు నవ్వాపుకోలేక, తన చేతి బంగారు కంకణం తీసి ఓబన్న గ్రీజు చేతికి తొడిగాడు.