వీరోజు రాయి, మాస్టారి నోట్సు

మా శాసనాల మాస్టారు సోమశేఖరంగారికి ఒక అలవాటుంది. ఏ పాఠమైనా యూనివర్సిటీ వెబ్‌సైటులో పెట్టేముందు దాన్ని తన ఫోనులోకి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా ఫోను చేత చదివించుకుంటారు. ఎక్కడైనా ఫోను తడబడితే ఆపి, దిద్ది, మళ్లీ మొదటికొస్తారు. అది తెలియనివాళ్లు మాస్టారు కునుకు తీస్తున్నారనుకుని చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోతారు. కొత్తలో నేనూ రెండుమూడుసార్లు అలాగే వెళ్లిపోయాను.

పార్వతీశం కూడా నాలాగే మాస్టారి శిష్యుడు. ఇప్పుడు అక్కడే లెక్చరరు. తెలివైనవాడు, కాస్త నోటిదురుసు. చూపు లేని విద్యార్థులకు కూడా పనికొచ్చేలా పాఠాలన్నీ తిరిగి తయారు చేయాలని మొన్న జూలైలో ఆఫీసు నుంచి సర్క్యులరు వస్తే, అది పట్టుకుని నేరుగా మాస్టారి గదికి వచ్చాడు. నేను అక్కడే కూర్చుని పాత శాసనాల నకళ్లు చుట్టలు చుడుతున్నాను.

“నా క్లాసులో అరవైమంది సార్. ఈ ఏడు చూపు లేనివాళ్లు ఒక్కరూ లేరు. ఎవరైనా వచ్చి అడిగితే అప్పుడు చేసిస్తాను. అడగకముందే ఈ చాకిరీ అంతా ఎందుకు, చెప్పండి?”

ఉన్నమాట చెప్పాలంటే నాకూ ఆ ప్రశ్న సబబుగానే తోచింది. మాస్టారు ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, మేమిద్దరం అక్కడ చేరకముందు చదివిన ఝాన్సీ అనే అమ్మాయి సంగతి చెప్పారు.

ఝాన్సీది పాలకొండ దగ్గర ఒక పల్లె. పన్నెండో ఏట చూపు పోయింది. అప్పటికే చదువుకున్న పిల్ల గనక అక్షరాల రూపాలు మాత్రం వేళ్లకి గుర్తుండిపోయాయి. ఎమ్మేలో శాసనాల పేపరు తీసుకుంటానంటే తోటివాళ్లు నవ్వారట. మాస్టారు నవ్వలేదు గానీ, పాసయితే చాలులే అనుకున్నారు. డిసెంబరులో క్లాసునంతా ఒక చేలగట్టు మీదున్న రాయి దగ్గరికి తీసుకెళ్లారు. అయిదువందల ఏళ్ల నాటి దాన శాసనం. చివరి వరుస అరిగిపోయిందని మాస్టారు అప్పటికి పదేళ్లుగా పాఠం చెబుతున్నారు, తన పుస్తకంలోనూ అలాగే రాశారు. అందరూ ఫొటోలు తీసుకుని నీడకి పోయాక, ఝాన్సీ రాయి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి దిద్దుతూ కిందికి వచ్చింది. ఈనాటి రూపానికి దూరంగా ఉన్న అక్షరం తగిలితే “ఇదేటి సార్?” అని అడిగేది. చివరి వరుస దగ్గర చాలాసేపు ఆగింది.

“ఇది అరిగిపోలేదు సార్. సన్నగా చెక్కాడు, అంతే. ఇక్కడ పేరున్నాది. వీరోజు.”

అది రాయి చెక్కినవాడి పేరు. మాస్టారు తన వేలు పెట్టి చూసుకున్నారు. నిజమే, ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన సంతోషం ఇంతా అంతా కాదు. ఈ పిల్ల పీహెచ్‌డీ చేసి తీరాలని డ్రైవరుకి కూడా చెప్పారట. ఝాన్సీ కోరికా అదే. ఆ పేపరు బాగా రాస్తే సీటు వచ్చేది. రాకపోతే ఇంటికి రావాలని, ఈ ఒక్క ఏడూ చూస్తామని ఇంట్లోవాళ్లు ముందే గడువు పెట్టారు.

మాస్టారి నోట్సు గురించి వేరే చెప్పక్కర్లేదు. పాతికేళ్ల చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు. జిరాక్సు తీసుకోని బ్యాచి లేదు. ఆ ఏడు దాన్ని పేజీ పేజీ ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెట్టించారు. ఝాన్సీ వచ్చి, “ఫోను చదవట్లేదు సార్. పేజీ మారినప్పుడల్లా ఇమేజ్, ఇమేజ్ అంతంది” అంది. మాస్టారు నొచ్చుకుని, ఆ రోజే నోట్సు పట్టుకెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ సెంటరులో ఇచ్చారు. నూటనలభై పేజీలు టైపు చేయించి, తప్పులన్నీ దగ్గరుండి దిద్దించారు. తెర మీద తెలుగు కళకళలాడింది. పరీక్షకి ఇంకా పది రోజులుందనగా ఝాన్సీకి పంపి, అందిందా అమ్మా అని అడిగారు. “అందింది సార్. చాలా థాంక్సండీ” అంది ఆ పిల్ల.

ఈ పొరపాటు మన తెలుగువాళ్లం చేతులారా చేసేదే. డీటీపీ సెంటర్ల పాత ఫాంటు కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. మాస్టారు చూసి మురిసిపోయిన పేజీని ఝాన్సీ ఫోను డాలరు, కామా, బ్రాకెట్టు, క్యూ అని చదివింది. నూటనలభై పేజీలూ అంతే. ఎక్కడో ఒకచోట తెలుగు వస్తుందేమోనని ఆ పిల్ల చివరి పేజీదాకా వింది. రూమ్మేటు కొంత చదివి పెట్టింది, కానీ ఆ అమ్మాయికీ పరీక్షలే కదా. పరీక్ష హాల్లో ఝాన్సీ చెబితే రాయడానికి కూర్చున్న అమ్మాయి, మూడో ప్రశ్న తర్వాత కలం పట్టుకుని ఊరికే ఎదురుచూసింది. గంట ముందే ఝాన్సీ లేచి వెళ్లిపోయింది. వీరోజు పేరు చదివిన పిల్ల ఆ పేపరు తప్పింది. ఇది చెప్పేటప్పుడు మాస్టారు మా మొహాలు చూడలేదు.

ఫలితాలు చూసి ఆయన ఫోను చేశారట. “నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఒకపాలి అడిగాను కదండీ. మీరంత కష్టపడి పంపారు. అదీ చదవట్లేదని మళ్లీ ఎలా చెప్తానండీ?”

ఆ వేసవిలో మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని, ఫోను చదవగలిగే తెలుగులో నోట్సంతా తనే రెండు వేళ్లతో కొట్టారు. ప్రతి పేజీ ఒకటికి రెండుసార్లు కళ్లు మూసుకుని విన్నారు. ఆగస్టులో పంపితే ఝాన్సీ గొంతుతో జవాబు వచ్చింది. ఫోను ఇప్పుడు చక్కగా చదువుతోందని, సాయంత్రం పూట అమ్మ కూడా పక్కన కూర్చుని వింటోందని. మళ్లీ పరీక్ష రాయమ్మా అని మాస్టారు బతిమాలితే, గడువు అయిపోయింది సార్, చిన్నాన్న కొట్లో కూర్చుంటున్నాను అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదట. ఉంటే బాగుండేది అన్నారు మాస్టారు.

నేను చేతిలోని నకలు పక్కన పెట్టాను. పార్వతీశం సర్క్యులరుని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పాడు.

“ఆ వీరోజు పేరు పుస్తకంలోకి ఎక్కించారా సార్?”

“ఎక్కించాను. చదివింది ఝాన్సీ అని కూడా రాశాను.” మాస్టారు బోర్లా ఉన్న ఫోనుని చేతిలోకి తీసుకున్నారు. “ఆ పిల్ల వస్తుందని వీరోజుకి తెలీదు పార్వతీశం, అయినా వాడు చెక్కింది తన వేలికి అందింది. నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేది, నా నోట్సు మాత్రం అందలేదు.”