డీజిలు తాగని వ్యాను

మదనపల్లె పక్కన ఒక పల్లెలో చెంగల్రాయుడు, ఆయన భార్య మునెమ్మ, తమ్ముడు రెడ్డెప్ప ఉండేవాళ్ళు. ఊరందరికీ ఉండాల్సిన తెలివి తమ ఒక్కింట్లోనే పోగుపడిందని చెంగల్రాయుడి గట్టి నమ్మకం.

ఒకరోజు పాత వ్యాను నిండా టమాటాలు ఎత్తుకుని మండీకి బయల్దేరారు. మధ్యాహ్నంలోగా చేరకపోతే కాయంతా మెత్తబడిపోతుంది. ఊరు దాటీ దాటకముందే ఇంజను ఆవిర్లు కక్కింది. మెకానిక్కు మస్తాను బానెట్టు ఎత్తి చూశాడు.

"అన్నా, ఇంజను వేడెక్కితే డీజిలు ఎక్కువ తాగుతుంది, నల్లపొగ వదుల్తుంది. కాస్త చల్లగా చూసుకో. ముందున్న రేడియేటరుకి గాలి తగలనీ. నేను సామాను తీసుకుని వెనకే వస్తా."

అంతే. చెంగల్రాయుడు కళ్ళ మీద తడిగుడ్డ వేసుకున్నాడు. కళ్ళు బాగా చల్లబడ్డాక ఇంజనుకేసి రెప్ప వాల్చకుండా చూశాడు.

"తగ్గిందా అయ్యా?" అంది మునెమ్మ.

"నా ఒక్కడి చూపు చాలదే. నువ్వూ తడుపుకో!"

ముగ్గురూ చల్లగా చూశారు. ఆవిరి ఆగలేదు.

"గాలి తగలాలన్నాడు గదన్నా," అన్నాడు రెడ్డెప్ప.

గాలేమో వెనకనుంచి వీస్తోంది. ఇంకేముంది, వ్యాను మూతి గాలికెదురు తిప్పి, మండీకి రివర్సులో బయల్దేరారు. వెనక్కి చూసి చూసి చెంగల్రాయుడి మెడ పట్టేసింది. వ్యాను రెట్టింపు డీజిలు తాగి, రెట్టింపు పొగ వదిలింది.

చెక్‌పోస్టులో ఆఫీసరు ఆపాడు. "ఇంకొక్కసారి ఆ గొట్టంలోంచి పొగ బయటికొచ్చిందా, బండి కదలదు!"

"రానిస్తామా సార్!" అని రెడ్డెప్ప చొక్కా విప్పి గొట్టంలో కుక్కాడు. సందుల్లో నాలుగు టమాటాలు కూడా దట్టించాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

ఎండ నడినెత్తికొస్తోంది, కాయ నీరు కారుతోంది. ముగ్గురూ వ్యాను మూతికి భుజాలానించి మిట్ట మీదికి నెట్టసాగారు. సగం ఎక్కేసరికి మస్తాను మోటారుసైకిలు మీద వచ్చాడు. వాళ్ళ చెమటలు చూసి పాపం జాలిపడ్డాడు.

"అయ్యో, మీరు వదిలేయండన్నా! నేను చూసుకుంటా!"

ముగ్గురూ ఒక్కసారే చేతులు తీసేసి పక్కకు తప్పుకున్నారు.

వ్యాను గిర్రున మిట్ట దిగింది. మస్తాను మోటారుసైకిలు పారేసి తుప్పల్లోకి దూకాడు. దారంతా టమాటాలు చిమ్ముకుంటూ వ్యాను మలుపు దాటి మాయమైంది.

చెంగల్రాయుడు ఆనందం పట్టలేకపోయాడు. "చూశావటే! చుక్క డీజిలు తాగలేదు, పిసరు పొగ లేదు. ఎంత జోరు!"

"అది ఊరివైపు పోతోంది గదయ్యా, మండీ ఇటు గదా?"

"మండీకి దారి తెలిసిన బండేలే. పొరపాటు తెలుసుకుని అదే వెనక్కొస్తుంది," అని చెంగల్రాయుడు మిట్ట మీద తీరిగ్గా కూర్చున్నాడు.

మునెమ్మ, రెడ్డెప్ప కూడా చెరోపక్కన కూర్చుని మలుపుకేసి చూడసాగారు.