ఎర్రావు నెమరు

పాలు పితకడానికి చెంబు పట్టుకుని మఠం పశువుల కొట్టంలోకి వచ్చిన చెన్నబసయ్య గడపలోనే ఆగిపోయాడు. ఎర్రావు నెమరు వేయడం లేదు. తల వాల్చి పళ్లు నూరుతోంది. ఎడమ డొక్క ఉబ్బింది. పేడ నీళ్లలా జారి పులిసిన కంపు కొడుతోంది.

ఆ ఆవు మఠానిది కాదు, ఈరమ్మది. కూతురి పురిటికి పోతూ, "నాకుండేది ఇదొక్కటే సామీ" అని నెల కిందట అక్కడ కట్టేసి పోయింది. ఈ సాయంత్రమే తోలుకుపోవడానికి వస్తుంది.

చెన్నబసయ్య నియమాల మనిషి. మఠంలో చేరిన ఆరేళ్లలో ఇంకొకరు వండింది తినలేదు. ఎవరి ఎంగిలీ తాకలేదు. తాగే చెంబు కూడా వేరే. ఏ పనైనా అందరికంటే మేలుగా చేయాలంటాడు. అది మంచిదే. దాన్ని అందరూ చూసి మెచ్చుకోవాలనుకున్నప్పుడే మనిషి జారతాడు. ఈరమ్మ వచ్చేసరికి ఆవు రెట్టింపు పాలివ్వాలని నిన్న ఒక్క పూటలోనే గంపెడు జొన్నపిండి, బెల్లం కలిపి మేపాడు. అంతవరకూ అది తిన్నది చొప్ప, గుప్పెడు తవుడు.

గురువు కొట్రయ్యస్వామి వచ్చి ఆవు డొక్కకు చెవి ఆనించాడు. లోపల చప్పుడు లేదు.

"ఏం పెట్టినావప్పా?"

"మంచిదే పెట్టినా స్వామీ. జొన్నపిండి, బెల్లం."

"ఎంత?"

"గంప."

స్వామి వంటసోడా నీళ్లు కలిపి వెదురు గొట్టంతో ఆవు గొంతులో పోశాడు.

"మేసేది ఆవే. మేతను పులియబెట్టి అరిగించేది మాత్రం దాని కడుపులో ఉండే కంటికి కనిపించని జీవాలు. కొత్త మేత వాటికి రోజుకింత చొప్పున అలవాటు చేయాల. నువ్వు ఒక్కసారే కుమ్మరించి వాటిని చంపినావు. పెరుగుకు వేసినట్టు మళ్లీ తోడు వేయాల."

"ఆ తోడు ఎక్కడ దొరుకుతుంది స్వామీ?"

స్వామి మూలకు చూశాడు. అక్కడ ముసలి గౌరి పడుకుని నెమరు వేస్తోంది. అది ఈతలు ఉడిగిన ఆవు. గడ్డి దండగని చెన్నబసయ్యే దాన్ని చివరి గుంజకు మార్చాడు.

"దాని నోట్లోది తీసుకురా."

"ఎంగిలి స్వామీ!"

"అవును."

"ఓబులేసును పిలుస్తా. కొట్టం పని వాడిదే కదా."

"పిండి పెట్టింది ఓబులేసా?"

చెన్నబసయ్య గౌరి పక్కన కూర్చున్నాడు. పెదవుల పక్కన పళ్లు లేని చోటు నుంచి చెయ్యి పెట్టాడు. గౌరి బెదిరి ఉన్నది మింగేసింది. మళ్లీ అది నోటికి తెచ్చుకునేదాకా కదలకుండా కూర్చోవలసి వచ్చింది. రెండోసారి వెచ్చని పచ్చటి ముద్ద చేతికి వచ్చింది. జొల్లు మోచేతి దాకా కారింది. తెచ్చి ఎర్రావు నోట్లో పెడితే అది ఉమ్మేసింది.

"మళ్లీ," అన్నాడు స్వామి.

మధ్యాహ్నం దాటింది. చెన్నబసయ్య పచ్చి నీళ్లయినా తాగలేదు. ఏడు ముద్దలు లోపలికి పోయాయి. ఎర్రావు దవడ మాత్రం కదల్లేదు.

"సామీ, నా ఎర్రావు ఎట్లుంది?" వాకిట్లోంచే ఈరమ్మ కేక వేసింది.

స్వామి శిష్యుడి వైపు చూశాడు. చెన్నబసయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నీ దగ్గర గొప్ప అనిపించుకోవాలని దీనికి గంపెడు పిండి పెట్టినా. చావుకు తెచ్చినా."

ఈరమ్మ చంకలో మూట జారింది. "ఒంటిపూట తింటావు, ఒంటరిగా తింటావు. నీ కడుపు మీద అంత లెక్క పెట్టుకుంటివే! నా ఆవు కడుపు కనపడలేదా అయ్యా నీకు?"

ఆమె ఆవు మెడ పట్టుకుని కూలబడింది.

కాసేపటికి ఆమె చేతి కింద ఆవు గొంతులో ఏదో పైకి పాకింది. దవడ ఒకసారి పక్కకు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

"నెమరు!" అంది ఈరమ్మ ఏడుస్తూ.

ఆమె కళ్లు తుడుచుకుని మూట విప్పింది. స్వామికని కూతురి ఇంటి నుంచి తెచ్చిన రొట్టె అందులో ఉంది. స్వామి ఒక పక్క కొరికి, మిగిలింది శిష్యుడి ముందుకు చాపాడు.

చెన్నబసయ్య చేతులు కడుక్కుని వచ్చి దోసిలి పట్టాడు. ఆకలి మీద పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మెల్లగా నములు," అన్నాడు స్వామి.