కోటవాకిలి పిలుపు

మా గురువు రుద్రయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే, ముందు దోసెడు వేరుశెనక్కాయలు ఒళ్లో పోసుకుని ఒలవడం మొదలుపెట్టేవారు. జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్కోసారి గింజలతోనే సరిపెట్టుకుని వెళ్లేవాళ్లం. ఆ రోజు అడిగినవాడు సోమిదేవయ్య. సొంత ఊరైన తంగెళ్లదుర్గం చరిత్ర రాస్తానని ఏడాదిగా ఇల్లిల్లూ తిరిగి, విసిగిపోయి వచ్చి కూలబడ్డాడు.

“అయ్యా, వింటాననేవాడు ఒక్కడూ లేడు. వినేవాళ్లే లేనప్పుడు పోయినవాళ్ల పేర్లు తవ్విపోసి ఎవరికి చెప్పాలి? మానేద్దామనుకుంటున్నాను.”

గురువుగారు తలెత్తకుండానే ఇలా చెప్పారు.

మీ ఊరు ఒకప్పుడు కొండమీది కోటలోనే ఉండేది. పొద్దుగూకగానే కావలివాడు పెద్దవాకిలి దగ్గర నిలబడి ఒక్కో ఇంటి పేరూ పిలిచేవాడు. ఇంటిల్లిపాదీ చేరి ఉంటే “వచ్చినాం” అని లోపలినుంచి కేక వినిపించాలి. ఒక్క ఇల్లు పలకకపోయినా తలుపు మూయకూడదు. దివిటీలు పట్టుకుని ఆ ఇంటివాళ్లను వెతకబోయేవారు.

తరవాత యుద్ధాలు పోయాయి. కోటలో బావులెండాయి. కింద నీళ్లున్నాయి, సంత ఉంది. ఒక్కో కుటుంబమే మూటాముల్లే సర్దుకుని దిగిపోయింది. ఖాళీ ఇంటి పేరు మానెయ్యొచ్చు గాని, కావలివాడికి ఆ పేర్లు తాతలనాటినుంచి ఒకే వరసలో నోటికొచ్చినవి. ఒకటి వదిలేస్తే తరవాతిది తట్టేది కాదు. అందుకని అన్నీ పిలిచేవాడు. చివరికి కోటలో నాగులవ్వ అనే ఒంటరి ముసలామె మిగిలింది. అన్ని ఇళ్ల తరఫునా ఆమే పలికేది. షావుకారింటికి ఆయనలాగే దగ్గుతూ, కరణంగారింటికి ఆయనలాగే విసుక్కుంటూ. కావలివాడు నవ్వుకుని తలుపు మూసేవాడు.

అతని కూతురు ఏటి అవతల ఎక్కడో దూరపు ఊళ్లో ఉండేది. మనవరాలిని ఎత్తుకోవాలని అతని ప్రాణం కొట్టుకునేది. అవ్వ ఉన్నన్నాళ్లూ వాకిలి వదిలే వీల్లేదు.

“అవ్వా, నువ్వు దిగితే నేనూ దిగుతా గదా,” అన్నాడొకసారి.

“నేను దిగితే వీళ్లందరికీ బదులు ఎవరు పలుకుతారు నాయనా?” అంది అవ్వ.

ఒక సాయంత్రం మొదటి పేరుకే జవాబు రాలేదు. వరసంతా పిలిచాడు. అవ్వ ఇంటి పేరుకూ రాలేదు. వెళ్లి చూస్తే పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. మర్నాడు కిందివాళ్లొచ్చి మట్టి చేసి, “ఇంక నీకిక్కడేం పని, వాకిలి మూసి దిగిరా,” అని చెప్పి వెళ్లిపోయారు.

బట్టలు మూట కట్టుకున్నాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన రోజది. తలుపుమీద చెయ్యి వేశాడు గాని, పిలవకుండా మూయడం అతనికి చేతకాలేదు. వరస మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ పిలిచి, దానికి తానే పలికాడు. షావుకారింటికి దగ్గాడు, కరణంగారింటికి విసుక్కున్నాడు. అవ్వ ఇంటిని కూడా పిలిచాడు. ఆ పేరుకు మాత్రం పలకలేకపోయాడు. ఆ కొండమీద తానొక్కడే మిగిలాడని అప్పుడు తెలిసి, భోరున ఏడ్చాడు. పలకని ఇల్లుండగా తలుపు మూయకూడదు. మూట కింద పెట్టి గడపమీద కూర్చున్నాడు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. సోమిదేవయ్య ఉండబట్టలేక అడిగాడు: “కూతురి దగ్గరికి వెళ్లాడా అయ్యా? అసలు ఆ కావలివాడి పేరేమిటి?”

“పిలిచేవాడి పేరు ఆ వరసలో ఉండదు నాయనా,” అన్నారు గురువుగారు.